స్కూల్లో మార్కులు అంతంతే.. అయినా టాప్ యూనివర్సిటీ డిగ్రీ! అమెరికాలో ఈ ‘ట్రాన్స్‌ఫర్’ రూటు ఎవరికి కలిసొస్తుంది? ఎక్కడ దెబ్బ కొడుతుంది?

మార్చి చివరి వారం వచ్చిందంటే అమెరికాలోని తెలుగు ఇళ్లల్లో ఒకటే టెన్షన్. ఫ్రీమాంట్ అయినా, ప్లేనో అయినా, ఎడిసన్ అయినా సీన్ ఒకటే. ట్వెల్త్ గ్రేడ్ పిల్లలకు యూనివర్సిటీల నుంచి రిజల్ట్స్ వచ్చే టైమ్ అది. సీటొచ్చిన ఇంట్లో కేక్ కటింగ్, వాట్సాప్ గ్రూపుల్లో ఫొటోలు. రాని ఇంట్లో మాత్రం నిశ్శబ్దం. గుడికెళ్లినా, బర్త్‌డే పార్టీకెళ్లినా ‘మీ వాడికి ఎక్కడొచ్చింది?’ అనే ప్రశ్నకి తల్లిదండ్రులు సమాధానం వెతుక్కోవాల్సిందే.

నైన్త్, టెన్త్ గ్రేడ్‌లలో బద్ధకించి ఆ తర్వాత మేలుకున్న పిల్లలుంటారు. ఆరోగ్యం బాగోక వెనకబడ్డవాళ్లు ఉంటారు. నాన్న ఉద్యోగం మారి మధ్యలో స్కూల్ మారాల్సి వచ్చినవాళ్లూ ఉంటారు. పదిహేనేళ్ల వయసులో పడ్డ గ్రేడ్లు జీవితాంతం వెంటాడతాయా? అమెరికా సిస్టమ్‌లో దీనికి ఒక సమాధానం ఉంది. అదే ట్రాన్స్‌ఫర్. ముందు ఒక కాలేజీలో చేరి, ఏడాదో రెండేళ్లో బాగా చదివి, అక్కడి మార్కులతో పెద్ద యూనివర్సిటీకి మారడం.

ఇదేదో దొడ్డిదారి అనుకుంటే పొరపాటే. బరాక్ ఒబామా లాస్ ఏంజెలెస్‌లోని ఆక్సిడెంటల్ కాలేజీలో రెండేళ్లు చదివి, 1981లో న్యూయార్క్‌లోని కొలంబియా యూనివర్సిటీకి మారారు. డొనాల్డ్ ట్రంప్ ఫోర్డమ్ యూనివర్సిటీలో రెండేళ్లు చదివి, పెన్సిల్వేనియా యూనివర్సిటీ వార్టన్ స్కూల్‌కి ట్రాన్స్‌ఫర్ అయ్యి, 1968లో డిగ్రీ తీసుకున్నారు. రాజకీయాల్లో ఉప్పూ నిప్పూలా ఉండే ఈ ఇద్దరు ప్రెసిడెంట్లూ ట్రాన్స్‌ఫర్ స్టూడెంట్లే. వాళ్ల డిగ్రీ సర్టిఫికెట్ మీద ‘ట్రాన్స్‌ఫర్’ అన్న ముద్ర ఏమీ లేదు. ఎవరికీ ఉండదు కూడా.

అయితే ఈ దారి అందరికీ ఒకేలా పని చేయదు. రాష్ట్రాన్ని బట్టి, యూనివర్సిటీని బట్టి, మేజర్‌ని బట్టి, వీసా స్టేటస్‌ని బట్టి లెక్క మారిపోతుంది.

1960లో వేసిన రోడ్డు

ఈ పద్ధతి బాగా పాతుకుపోయిన రాష్ట్రం కాలిఫోర్నియా. అక్కడ 1960లో ఉన్నత విద్య కోసం ఒక మాస్టర్ ప్లాన్ తయారు చేశారు. స్కూల్లో టాప్ 12.5 శాతంలో ఉన్నవాళ్లు యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాకి, అంటే యూసీకి వెళ్లొచ్చు. టాప్ మూడో వంతులో ఉన్నవాళ్లకి కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ. మిగతా వాళ్లందరికీ కమ్యూనిటీ కాలేజీ. అక్కడితో ఆగిపోతే అది పిల్లల్ని మూడు గదుల్లో వేసి తలుపులేసినట్టే అయ్యేది. అందుకే కమ్యూనిటీ కాలేజీలో బాగా చదివిన వాళ్లు పై రెండింటికీ మారే దారి కూడా అదే ప్లాన్‌లో పెట్టారు.

ఇప్పుడు ఆ రాష్ట్రంలో 116 కమ్యూనిటీ కాలేజీలున్నాయి. వాటిలో దాదాపు 20 లక్షల మంది చదువుతున్నారు. వీటిలో చేరడానికి ఎస్ఏటీ స్కోర్ అక్కర్లేదు, స్కూల్ గ్రేడ్ల కటాఫ్ లేదు. అప్లై చేస్తే సీటు ఉన్నట్టే. ప్రతి ఇద్దరు ఫ్రెష్‌మెన్‌కి ఒక ట్రాన్స్‌ఫర్ స్టూడెంట్‌ని తీసుకోవాలన్నది యూసీ పెట్టుకున్న టార్గెట్. అలా వచ్చే వాళ్లలో పదింట తొమ్మిది మంది కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీల వాళ్లే. శాంటా మోనికా కాలేజీ, కుపర్టినోలోని డి ఆంజా, బే ఏరియాలోని డయాబ్లో వ్యాలీ కాలేజీ.. ఇలాంటివి ఏటా వందల మందిని యూసీఎల్ఏ, బర్క్‌లీలకు పంపిస్తుంటాయి.

స్కూల్ మార్కులు ఎక్కడ చూస్తారు? ఎక్కడ చూడరు?

అసలు పాయింట్ ఇదే. యూసీకి థర్డ్ ఇయర్ లెవల్‌లో, అంటే జూనియర్‌గా ట్రాన్స్‌ఫర్ అయ్యే వాళ్లని ఎంపిక చేసేటప్పుడు కాలేజీలో తీసుకున్న కోర్సులు, వాటిలో వచ్చిన గ్రేడ్లే ప్రధానం. హైస్కూల్ జీపీఏ ఎంత తక్కువున్నా అది పక్కకి పోతుంది. దానికి 60 సెమిస్టర్ యూనిట్లు పూర్తి చేయాలి. వాటిలో రెండు ఇంగ్లిష్ కోర్సులు, ఒక మ్యాథ్స్ కోర్సు సహా ఏడు కోర్సులు తప్పనిసరి. కనీస జీపీఏ కాలిఫోర్నియా నివాసులకు 2.4, బయటి వాళ్లకు 2.8. ఇది కేవలం అప్లై చేయడానికి అర్హత. సీటు రావాలంటే దీనికంటే చాలా పైన ఉండాలి.

ప్రైవేట్ యూనివర్సిటీల సంగతి వేరు. హార్వర్డ్, స్టాన్‌ఫర్డ్, కార్నెల్ లాంటివి ట్రాన్స్‌ఫర్ అప్లికేషన్‌లోనూ హైస్కూల్ ట్రాన్‌స్క్రిప్ట్ అడుగుతాయి. కాలేజీలో ఒక్క సెమిస్టరే పూర్తి చేసి అప్లై చేస్తే, ఆ స్కూల్ రికార్డే ఎక్కువ మాట్లాడుతుంది. ఎందుకంటే చూపించడానికి ఇంకేమీ ఉండదు కాబట్టి. అదే రెండేళ్లు బాగా చదివి వెళ్తే, పాత మార్కుల కంటే కొత్త మార్కుల బరువు పెరుగుతుంది.

సింపుల్‌గా చెప్పాలంటే, స్కూల్ రికార్డు ఎంత వీక్‌గా ఉంటే అంత ఎక్కువ టైమ్ కాలేజీలో గడిపి అప్లై చేయడం మేలు. తొందరపడి మొదటి ఏడాదే దరఖాస్తు పెడితే పాత మచ్చే ముందు కనిపిస్తుంది.

సీటు గ్యారంటీ కూడా ఉందా?

ఉంది. కానీ కండిషన్లు వర్తిస్తాయి. యూసీలో ‘టాగ్’ అనే ప్రోగ్రామ్ ఉంది. డేవిస్, ఇర్వైన్, మెర్సెడ్, రివర్‌సైడ్, శాంటా బార్బరా, శాంటా క్రూజ్.. ఈ ఆరు క్యాంపస్‌లలో ఏదో ఒక్కదానికి టాగ్ పెట్టుకోవచ్చు. వాళ్లు చెప్పిన కోర్సులు, చెప్పిన జీపీఏతో పూర్తి చేస్తే సీటు ఖాయం. టాగ్ అప్లికేషన్ సెప్టెంబర్ నెలలోనే వేయాలి. చాలామంది మిస్సయ్యేది ఇక్కడే. మెయిన్ అప్లికేషన్‌కి నవంబర్ చివరి దాకా టైముంది కదా అనుకుంటారు, ఈలోగా టాగ్ గడువు దాటిపోతుంది.

బర్క్‌లీ, యూసీఎల్ఏ, శాన్ డియాగో మాత్రం టాగ్‌లో లేవు. యూసీఎల్ఏకి ‘టాప్’ అనే ఇంకో ప్రోగ్రామ్ ఉంది. కమ్యూనిటీ కాలేజీలో ఆనర్స్ కోర్సులు పూర్తి చేసిన వాళ్లకి అడ్మిషన్‌లో ప్రాధాన్యం ఇస్తారు. ప్రాధాన్యమే తప్ప గ్యారంటీ కాదు.

తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే మిగతా రాష్ట్రాల్లోనూ ఇలాంటి దారులున్నాయి. వర్జీనియాలో కమ్యూనిటీ కాలేజీ స్టూడెంట్లకు యూనివర్సిటీ ఆఫ్ వర్జీనియా, వర్జీనియా టెక్‌లతో గ్యారంటీడ్ అడ్మిషన్ ఒప్పందాలున్నాయి. టెక్సాస్‌లో ఆస్టిన్ క్యాంపస్‌లో సీటు రానివాళ్లకు ‘క్యాప్’ అనే ఆఫర్ ఇస్తారు. యూటీకే చెందిన ఇంకో క్యాంపస్‌లో ఏడాది చదివి, నిర్ణీత జీపీఏ తెచ్చుకుంటే ఆస్టిన్‌కి రావచ్చు. కాకపోతే గ్యారంటీ లిబరల్ ఆర్ట్స్‌కే. ఇంజనీరింగ్, కంప్యూటర్ సైన్స్ కావాలంటే మళ్లీ పోటీ పడాల్సిందే.

అంకెలు ఏం చెబుతున్నాయి?

యూసీఎల్ఏలో ఫ్రెష్‌మన్‌గా అప్లై చేసిన ప్రతి వంద మందిలో సీటొచ్చేది సుమారు తొమ్మిది మందికి. ట్రాన్స్‌ఫర్ అప్లికేషన్లలో దాదాపు నాలుగో వంతు మందికి వస్తుంది. బర్క్‌లీలోనూ ఇదే ధోరణి. ఫ్రెష్‌మన్ కంటే ట్రాన్స్‌ఫర్‌కి అవకాశం దాదాపు రెట్టింపు.

ప్రైవేట్ వైపు చూస్తే రెండు రకాలు. సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీ, అంటే యూఎస్‌సీ ఏటా వెయ్యి మందికి పైగా ట్రాన్స్‌ఫర్లని చేర్చుకుంటుంది. ఐవీ లీగ్‌లో కార్నెల్ వందల మందిని తీసుకుంటుంది. చదువుకి ఏడాదో అంతకంటే ఎక్కువో గ్యాప్ వచ్చిన వాళ్ల కోసం కొలంబియాలో స్కూల్ ఆఫ్ జనరల్ స్టడీస్ ఉంది. మరోవైపు హార్వర్డ్, స్టాన్‌ఫర్డ్‌లలో ట్రాన్స్‌ఫర్ సీట్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అక్కడ ట్రాన్స్‌ఫర్ అవకాశం ఫ్రెష్‌మన్ కంటే కూడా తక్కువే. ప్రిన్స్‌టన్ అయితే 1990 తర్వాత ట్రాన్స్‌ఫర్లని తీసుకోవడమే మానేసింది. 2018లో మళ్లీ మొదలుపెట్టింది, అదీ కొద్ది మందితో.

అంటే ‘ట్రాన్స్‌ఫర్ ఈజీ’ అన్న మాట కొన్ని యూనివర్సిటీల విషయంలో నిజం, కొన్నింటి విషయంలో పచ్చి అబద్ధం.

చేదు నిజం: వందలో పదహారు మందే

ఇక నాణేనికి రెండో వైపు. అమెరికా మొత్తం మీద కమ్యూనిటీ కాలేజీలో చేరేవాళ్లలో దాదాపు 80 శాతం మందికి బ్యాచిలర్స్ డిగ్రీ చేయాలన్న ఉద్దేశం ఉంటుంది. కానీ వాస్తవంగా నాలుగేళ్ల కాలేజీకి మారేది మూడో వంతు మందే. అలా మారినవాళ్లలో కూడా సగం మందే ఆరేళ్లలోపు డిగ్రీ పూర్తి చేస్తున్నారు. మొత్తం లెక్కేస్తే వందలో సుమారు పదహారు మంది.

ఎందుకిలా? పిల్లలు చదవక మాత్రమే కాదు. మొదటి కారణం క్రెడిట్లు పోవడం. అమెరికా ప్రభుత్వ ఆడిట్ సంస్థ జీఏఓ 2017లో ఇచ్చిన రిపోర్టు ప్రకారం, కాలేజీ మారిన స్టూడెంట్లు సగటున 43 శాతం క్రెడిట్లు కోల్పోయారు. కష్టపడి పాసైన కోర్సుని కొత్త యూనివర్సిటీ ‘మా సిలబస్‌కి సరిపోదు’ అని పక్కన పెడితే, అదే కోర్సుకి మళ్లీ ఫీజు కట్టి మళ్లీ కూర్చోవాలి. కాలిఫోర్నియాలో ఈ తలనొప్పి తగ్గించడానికి ‘అసిస్ట్’ అనే వెబ్‌సైట్ పెట్టారు. ఏ కాలేజీలోని ఏ కోర్సు ఏ యూసీ క్యాంపస్‌లో చెల్లుతుందో అందులో కనిపిస్తుంది. కోర్సు రిజిస్టర్ చేసుకునే ముందే అది చూసుకోవాలి. చేశాక చూస్తే లాభం లేదు.

రెండో కారణం మేజర్. మన తెలుగు ఇళ్లలో అడిగేది ఎక్కువగా కంప్యూటర్ సైన్సే. యూసీ క్యాంపస్‌లలో ట్రాన్స్‌ఫర్లకీ అత్యంత కష్టమైన సీటు అదే. యూనివర్సిటీ మొత్తం శాతం చూసి ధైర్యపడితే దెబ్బ తింటారు. టాగ్ ఉన్న కొన్ని క్యాంపస్‌లలోనూ కంప్యూటర్ సైన్స్, ఇంజనీరింగ్ లాంటి మేజర్లకి ఆ గ్యారంటీ వర్తించదు. పైగా క్యాలిక్యులస్, ఫిజిక్స్, ప్రోగ్రామింగ్ కోర్సులన్నీ ట్రాన్స్‌ఫర్‌కి ముందే పూర్తవ్వాలి. స్కూల్లో మ్యాథ్స్ వీక్‌గా ఉన్న పిల్లలకి రెండేళ్లలో ఇవన్నీ పూర్తి చేయడం సాధ్యం కాకపోవచ్చు, మూడేళ్లు పట్టొచ్చు. తప్పేమీ లేదు, కానీ ఆ మూడో ఏడాది ముందే ప్లాన్‌లో ఉండాలి.

మూడోది, ఎవరూ మాట్లాడనిది.. ఒంటరితనం. ఫ్రెండ్స్ అంతా హాస్టళ్లకి వెళ్లిపోతారు. ఈ పిల్లలు ఇంటి నుంచే కారులో కాలేజీకి వెళ్లొస్తుంటారు. ఇంట్లో ‘వాళ్లబ్బాయిని చూడు’ అన్న మాట రోజూ వినిపిస్తే, మంచి ప్లాన్ కూడా మధ్యలోనే ఆగిపోతుంది.

ఖర్చు లెక్క: ఇక్కడే అసలు లాభం

కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీలో రాష్ట్ర నివాసికి ఫీజు యూనిట్‌కి 46 డాలర్లు. ఏడాదికి 30 యూనిట్లు తీసుకుంటే 1,380 డాలర్లు. అదే యూసీలో రాష్ట్ర నివాసికి ట్యూషన్, ఫీజులే ఏడాదికి సుమారు 15 వేల డాలర్లు. అంటే మొదటి రెండేళ్లు కమ్యూనిటీ కాలేజీలో చదివితే ఒక్క ఫీజుల్లోనే పాతిక వేల డాలర్లకు పైగా మిగులుతుంది. ఇంటి నుంచే వెళ్లొస్తే హాస్టల్, మెస్ ఖర్చు కూడా ఆదా. చివర్లో చేతికొచ్చే డిగ్రీ మాత్రం అదే బర్క్‌లీది, అదే యూసీఎల్ఏది.

కాబట్టి మార్కులు బాగున్నా, అప్పు చేయడం ఇష్టం లేక ఈ దారిలో వెళ్లే కుటుంబాలూ ఉన్నాయి. కమ్యూనిటీ కాలేజీ అంటే చదువు రాని వాళ్లు చేరేది అన్న చిన్నచూపు మన వాళ్లలో ఇంకా పోలేదు కానీ, లెక్క తెలిసినవాళ్లు ఆ మాట అనరు.

హెచ్‌4 పిల్లలకు ఇంకో గడియారం

తెలుగు కుటుంబాల్లో చాలామంది పిల్లలు తల్లిదండ్రుల హెచ్‌1బీ మీద ఆధారపడి హెచ్‌4 వీసాలో ఉంటారు. గ్రీన్‌కార్డు క్యూ ఏళ్ల తరబడి కదలదు. ఆ బిడ్డకి 21 నిండగానే హెచ్‌4 అర్హత పోతుంది. ఎఫ్‌1 స్టూడెంట్ వీసాకో, ఇంకో స్టేటస్‌కో మారాలి. ట్రాన్స్‌ఫర్ అయ్యే వయసు సరిగ్గా 20, 21. అంటే కొత్త యూనివర్సిటీలో అడుగుపెట్టే సమయం, స్టేటస్ మారాల్సిన సమయం ఒకేసారి వచ్చి పడతాయి. రాష్ట్రాన్ని బట్టి ఫీజు కేటగిరీ మారే ప్రమాదమూ ఉంది. యూసీలో బయటి వాళ్లకి అదనంగా కట్టాల్సింది ఏడాదికి 34 వేల డాలర్లకు పైమాటే. ఒక ఏడాది లేటైతే ఈ ఇళ్లలో పడే భారం మిగతా ఇళ్ల కంటే ఎక్కువ. అందుకే ఇలాంటి కుటుంబాలు కోర్సు ప్లాన్‌తో పాటు ఇమిగ్రేషన్ లాయర్‌తో కూడా ముందే మాట్లాడుకోవాలి.

హైదరాబాద్, విజయవాడ నుంచి వెళ్లాలనుకుంటే..

ఇంటర్‌లో మార్కులు తగ్గిన పిల్లలు నేరుగా అమెరికా కమ్యూనిటీ కాలేజీలో చేరొచ్చు. వాటిలో చాలా వాటికి ఎఫ్‌1 వీసా కోసం ఐ20 ఇచ్చే అధికారం ఉంది. కాకపోతే 46 డాలర్ల ఫీజు వీళ్లకి వర్తించదు. కాలిఫోర్నియాలో విదేశీ విద్యార్థికి యూనిట్‌కి 300 డాలర్లకు పైనే పడుతుంది. ట్రాన్స్‌ఫర్ అయ్యాక యూసీలో నాన్ రెసిడెంట్ ఫీజు. తక్కువ ఖర్చు అన్న లాభం ఇక్కడ సగానికి సగం తగ్గిపోతుంది.

రూల్స్ కూడా కదులుతున్నాయి. 2025 ఆగస్టులో అమెరికా హోమ్‌ల్యాండ్ సెక్యూరిటీ శాఖ విడుదల చేసిన ప్రతిపాదనలో, ఎఫ్‌1 మీద వచ్చిన అండర్‌గ్రాడ్యుయేట్లు మొదటి విద్యా సంవత్సరంలో కాలేజీ మారకుండా ఆంక్షలు పెట్టాలన్న అంశం ఉంది. స్టూడెంట్ వీసాకి నిర్ణీత గడువు పెట్టాలన్నదీ అందులో భాగమే. కాబట్టి ‘ముందు ఎక్కడో దిగి, తర్వాత చూసుకుందాం’ అనే ప్లాన్ ప్రమాదకరం. మారే ముందు కాలేజీలోని ఇంటర్నేషనల్ స్టూడెంట్ ఆఫీస్‌ని అడిగి తీరాలి.

తెలుగువాళ్లకి ‘ట్రాన్స్‌ఫర్’ అన్న మాటతో ఒక చేదు జ్ఞాపకం కూడా ఉంది. 2019 జనవరిలో బయటపడ్డ ఫార్మింగ్‌టన్ యూనివర్సిటీ వ్యవహారం. మిషిగన్‌లో అమెరికా ఇమిగ్రేషన్ అధికారులే నకిలీ యూనివర్సిటీ పెట్టి వల పన్నారు. క్లాసులు లేకుండా స్టేటస్ కోసం అందులోకి ట్రాన్స్‌ఫర్ అయిన వందల మందిలో ఎక్కువ మంది తెలుగువాళ్లే. వంద మందికి పైగా నిర్బంధంలోకి వెళ్లారు. క్లాసులే లేని చోటికి మారడం ట్రాన్స్‌ఫర్ కాదు, ఉచ్చు. కన్సల్టెన్సీ ఏజెంట్ ఎంత తియ్యగా చెప్పినా ఈ తేడా మర్చిపోకూడదు.

మరి మన దగ్గర?

మన దేశంలో ఇలాంటి దారి చాలా ఇరుకు. ఏదో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో రెండేళ్లు టాపర్‌గా నిలిచినా, అక్కడి మార్కులతో ఐఐటీ బీటెక్ థర్డ్ ఇయర్‌లోకి మారే అవకాశం లేదు. ఎన్‌ఐటీల్లో అయితే జేఈఈ మెయిన్ ర్యాంకు వచ్చినా జనరల్ కేటగిరీలో ఇంటర్‌లో 75 శాతం మార్కులో, బోర్డులో టాప్ 20 పర్సంటైలో ఉండాలి. పదిహేడేళ్ల వయసులో ఒక పరీక్ష పోతే తలుపు మూసుకున్నట్టే.

ఉన్నంతలో మనకి తెలిసిన ట్రాన్స్‌ఫర్ ఈసెట్. టెన్త్ తర్వాత పాలిటెక్నిక్ డిప్లొమా చేసి, ఈసెట్ రాసి నేరుగా బీటెక్ సెకండ్ ఇయర్‌లో చేరడం. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ వేలమంది ఇలా వెళ్తున్నారు. 2021లో మొదలైన ఐఐటీ మద్రాస్ ఆన్‌లైన్ డేటా సైన్స్ కోర్సు ఇంకో కిటికీ తెరిచింది. దానికి జేఈఈ అక్కర్లేదు, క్వాలిఫయర్ పాసైతే చాలు. 2020 జాతీయ విద్యా విధానం క్రెడిట్లు దాచుకునే అకడమిక్ బ్యాంక్ గురించి చెప్పింది, 2021లో యూజీసీ రూల్స్ కూడా ఇచ్చింది. అయితే క్రెడిట్లు దాచుకోవడం వేరు, వాటిని పెద్ద యూనివర్సిటీ ఒప్పుకుని సీటివ్వడం వేరు. ఆ రెండో అడుగు పడితేనే బ్యాంకులో ఉన్నది చెల్లే డబ్బవుతుంది.

చేరాలనుకుంటే చూసుకోవాల్సినవి

మొదటి సెమిస్టరే కీలకం. స్కూల్ రికార్డుని చెరిపేసే బలం కొత్త గ్రేడ్లకే ఉంది, కాబట్టి మొదట్లోనే ఐదు కోర్సులు నెత్తికెత్తుకుని సీ గ్రేడ్లు తెచ్చుకోవడం కంటే నాలుగు తీసుకుని ఏ గ్రేడ్లు తెచ్చుకోవడం నయం.

చేరిన నెలలోనే కాలేజీ కౌన్సెలర్‌ని కలిసి, ఏ యూనివర్సిటీ, ఏ మేజర్ అన్నది రాతపూర్వకంగా ప్లాన్ వేసుకోవాలి. కనీసం ఇద్దరు ప్రొఫెసర్లకు పేరుతో సహా తెలిసేలా క్లాసులో ఉండాలి. ప్రైవేట్ యూనివర్సిటీలు సిఫార్సు లేఖలు అడుగుతాయి.

తేదీలు గుర్తుండాలి. టాగ్‌కి సెప్టెంబర్. యూసీ అప్లికేషన్‌కి అక్టోబర్, నవంబర్. చాలా ప్రైవేట్ యూనివర్సిటీలకు మార్చి. యూసీ ఫలితాలు ఏప్రిల్‌లో వస్తాయి.

ఇక ఎస్సే. స్కూల్లో ఎందుకు వెనకబడ్డారో ఒకటి రెండు వాక్యాల్లో ఉన్నదున్నట్టు చెప్పి, మిగతాదంతా ఆ తర్వాత ఏం చేశారో చెప్పాలి. సాకులు చెబుతున్నట్టు అనిపిస్తే మొదటికే మోసం.

ట్రాన్స్‌ఫర్ మంత్రదండం కాదు. వందలో పదహారు మంది అన్న అంకె అదే చెబుతోంది. కానీ ఆ పదహారు మందిలో స్కూల్లో ‘వీడి వల్ల కాదు’ అనిపించుకున్న పిల్లలూ ఉన్నారు. కాబట్టి ఈ మార్చిలో నిశ్శబ్దంగా ఉన్న ఇంట్లో ఆ పిల్లలని ‘ఎందుకు రాలేదు?’ అని అడగడం ఆపి, ‘ఫాల్ సెమిస్టర్‌లో ఏ కోర్సులు తీసుకుంటున్నావు?’ అని అడిగితే, రెండేళ్ల తర్వాత ఏప్రిల్‌లో ఆ ఇంట్లోనూ కేక్ కట్ చేయొచ్చు.